ఇసుకతిన్నె మీద మనిషి

"ఆ నీలం కాస్త ఎక్కువైందేమో చూడు," అన్నాడు ఆయన, భుజం మీదుగా తొంగి చూస్తూ.

ఆవిడ పళ్ళు బిగపట్టి కుంచె కడుక్కుంది.

ఆడిట్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. సర్వీసంతా తప్పులు పట్టి జీతం తీసుకున్నాడు. ఇప్పుడు ఉచితంగా పడుతున్నాడు.

ఆవిడకిది కాలక్షేపం కాదు. చిత్ర ప్రదర్శనలో తన బొమ్మలకు మొదటిసారి ఒక గోడ ఇచ్చారు. అందుకే శరత్కాలపు ఎండ కోసం ఇంత దూరం వచ్చి, సముద్రం ఒడ్డున గది తీసుకుంది. పొద్దు వాలేముందు కాసేపు నీళ్ళూ ఇసుకా తేనెరంగుకు తిరుగుతాయి. ఆ కాసేపట్లోనే వెయ్యాలి. సరిగ్గా ఆ కాసేపే ఆయన నోరు ఊరుకోదు.

"ఆ మేఘం నాకెందుకో దిండులా ఉంది."

ఆవిడ కుంచె దించింది.

"ఏమండీ, ఆ ఇసుకతిన్నె బోసిగా ఉంది. అక్కడో మనిషి ఉంటే బొమ్మకు ప్రాణం వస్తుంది. మీరు వెళ్ళి నిలబడతారా?"

"నేనా?" ఆయన బొజ్జ లోపలికి పీల్చుకున్నాడు. "ఎంతసేపు?"

"వెలుతురు పోయేదాకా. కదలకూడదు మరి."

ఎర్ర స్వెటర్ తొడుక్కుని, టోపీ సర్దుకుని, పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళాడు. దూరంగా వేలెడంత కనిపించాడు. మాట వినబడే ప్రసక్తే లేదు. ఆవిడ హాయిగా సముద్రం వేసింది, ఎండ వేసింది, ఇసుక వేసింది. ఆయన్ని వెయ్యలేదు.

మర్నాడు చెప్పకుండానే బయల్దేరాడు. ఆ తర్వాతా అంతే. గాలి ఈడ్చి కొడుతున్నా మనిషి కదిలేవాడు కాదు. చీకటి పడ్డాక తిరిగొచ్చి, "మోడల్‌గా నిలబడటం మాటలు కాదోయ్," అంటూ కాళ్ళు చాపేవాడు. ఆవిడ జాలిపడి నూనె రాసేది. నిజం నోటిదాకా వచ్చేది. రేపటి ఎండ, రేపటి నిశ్శబ్దం గుర్తొచ్చి మింగేసేది.

ప్రదర్శనకు ఆయన చెల్లెల్నీ, బావగారినీ వెంటేసుకొచ్చాడు.

"అన్నయ్య ఎక్కడ వదినా?" ఆడపడుచు బొమ్మకు ముక్కు ఆనించి వెతికింది.

ఆవిడ గబుక్కున బొమ్మకు అడ్డం వచ్చింది.

"చివర్లో తీసేశాను," అంది చూపు తప్పించి. "మనిషి ఉంటే ఆ వెలుతురు చెదిరిపోతోంది. పాపం, మీరంత కష్టపడ్డారు. ఏమీ అనుకోకండి."

ఆయన ముందుకొచ్చి బొమ్మలోని తిన్నె వంక చూశాడు.

"అనుకోవడానికేముంది? కళ కోసం ఆమాత్రం నిలబడలేనా?" అన్నాడు.

ఆవిడకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషినా మోసం చేసింది తను?

అంతలో ఎవరో నమస్కారం పెట్టారు. సముద్రం ఒడ్డున తమకు గది అద్దెకిచ్చినాయన. బొమ్మ చూసి తలూపాడు.

"అచ్చం మా ఒడ్డే మేడం. అన్నట్టు, సార్ రోజూ తన స్వెటరూ టోపీ ఓ కర్రకు తగిలించేసి మా ఇంటికి పేకాటకు వచ్చేసేవారే, ఆ కర్ర ఇంకా తిన్నె మీదే ఉంది, పీకేయమంటారా?"