బంగారు రంగు లాప్‌టాప్

కరివేపాకు కోసం పక్క ఫ్లాట్‌కి వెళ్లిన వకుళకి అక్కడి టీవీ చూసి ఒళ్లు మండిపోయింది. తను రోజూ చూసే సీరియలే, కానీ ఇక్కడ హీరోయిన్ ఒళ్లో బంగారు రంగు లాప్‌టాప్ మెరిసిపోతోంది. తమ ఇంటి టీవీలో అదే పిల్లకి ఎప్పుడూ నల్లటి డొక్కు లాప్‌టాపే. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో ఏం వెతుకుతున్నారో కనిపెట్టి, ఎవరి తాహతుకి తగ్గ సరుకు వాళ్లకి సీరియల్‌లోనే మార్చి చూపించడం ఇప్పటి టీవీలకి మామూలే.

వారమంతా వకుళ ఫోన్‌లో ఖరీదైన లాప్‌టాప్‌లు వెతికి వెతికి, తమది కలిగినవాళ్ల ఇల్లేనని టీవీని నమ్మించింది. చివరికి తన హీరోయిన్ ఒళ్లోకీ బంగారు రంగు దిగింది. వెంటనే పక్కింటి శశిరేఖని కేకేసింది.

"రండి వదినగారూ, ఇవాళ సీరియల్ మా ఇంట్లో చూద్దురుగాని!"

శశిరేఖ తెరకేసి చూసి జాలిగా నవ్వింది.

"అయ్యో, మీకింకా ఇదేనా? మా టీవీలో ఆ అమ్మాయి దీన్ని నిన్ననే పనిమనిషికి ఇచ్చేసిందండీ."