తెల్ల వైన్, చేపల పులుసు

ఎర్ర వైన్‌కే మత్తుంటుందని, తెల్లదానికి ఉండదని కడపలోని ఆ వీధిలో అందరూ నమ్మేవారు. ఏసుమణి కూడా నమ్మింది కాబట్టే, మళ్లీ తాగితే బతకడని డాక్టరు చెప్పిన భర్తకు చేపల పులుసుతోపాటు ఒక గ్లాసు తానే పోసి ఇచ్చింది.

ఆ సీసాను గండికోట హోటల్లో వంట చేసే ఆమె తమ్ముడు దావీదురాజు తెచ్చాడు.

"మా ఓటల్లో కారం కూరలకు దొరలు ఇదే తాగుతారక్కా. బావ నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు సూడు."

నెహెమ్యా నిజంగానే తిన్నాడు. చాలా రోజుల తర్వాత పళ్లెం ఖాళీ చేశాడు.

"ఇన్నాళ్లూ యాడ దాచినావే దీన్ని? పులుసుకే రుచి వచ్చె. ఇంగొంచెం పొయ్యి."

గ్లాసు పట్టుకుని చాచిన ఆ చెయ్యిని ఏసుమణి గుర్తుపట్టింది. సారా మానిన ఈ పదకొండు నెలల్లో అది అలా ముందుకు రాలేదు.

"ఆరాధనా, సీసా మీద ఏం రాసినారో సదువు," అని కూతురికి అందించింది.

"రెండు రకాల ద్రాక్షలంట. కొంచెం తీపంట. చేపలకు, కారం వంటలకు బాగుంటాదంట."

"అది మీ మామ చెప్పినాడులే. కింద?"

ఆరాధన కింది వరుస తనలోనే చదువుకుని, సీసాను తన వెనక్కి పెట్టుకుంది.

"పొయ్యవేమే?" అన్నాడు నెహెమ్యా.

సీసా లేబుల్ అడుగున చిన్న అక్షరాల్లో, ఆల్కహాలు పన్నెండు శాతం అని ఉంది.