చూడని బల్లలు

అది 2002. బందరులో మూల్యాంకన అధికారులకు శిక్షణ తరగతులు జరుగుతున్నాయి. ప్రభుత్వ పథకాలు జనానికి నిజంగా అందాయో లేదో ఊరూరా తిరిగి తేల్చడం వాళ్ల పని. ఒకరి పని చూసి ఒకరు నేర్చుకోవాలని, ఈసారి వాళ్లలో ఒకరైన ఇందిర రాసిన నివేదికను నమూనాగా ఎంచారు.

ప్రభుత్వం చేపలు ఎండబెట్టే బల్లలు ఇచ్చాక దివిసీమలో సత్యవతమ్మ అనే ఆవిడ బతుకు ఎలా బాగుపడిందో అందులో ఆరు పేజీల మేర ఉంది.

తరగతిలో చూపించడానికి ఒక ఫొటో ఉంటే బాగుంటుందని ఇందిర మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది.

“బల్లలు ఎక్కడున్నాయండీ?”

సత్యవతమ్మ తల దించుకుంది. “నాకసలు రానేలేదమ్మా.”

“మరి అప్పుడు వాటి గురించి పొద్దుగూకేదాకా చెప్పారే!”

“రాలేదంటే మీరు అప్పుడే లేచి ఎల్లిపోతారు గదా. మా ఆయన ఏటకెళ్లి సముద్రంలో పోయాక, నా పక్కన కూకుని నన్ను మాటడిగింది మీరొక్కరేనమ్మా.”

ఇందిర ఫొటో తీయకుండానే బస్సెక్కింది. మర్నాడు నలభై మంది ముందు నిలబడి, “నా నివేదిక తప్పు” అంటూ జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

శిక్షణ ఇస్తున్న పెద్దాయన ఆశ్చర్యపోయాడు. “పాతికేళ్ల అనుభవం మీది. ఆ బల్లలు ఒకసారి చూపించమని ఆ రోజే ఎందుకు అడగలేదండీ?”

ఇందిర చేతిలోని నివేదికను మూసింది.

“చూపించడానికి ఆవిడ లేస్తే మాట ఆగిపోతుందనిపించిందండీ,” అంది. “నాతోనూ ఎవరైనా అంతసేపు మాట్లాడి చాలా ఏళ్లయింది.”