ఏ వైపు బయటికి

"రేపు పొద్దున్నకల్లా ఈ టైర్లు నా బండికి ఉండకూడదు, ఆంటీ," అన్నాడు కౌశల్.

నగర్తపేట మలుపులోని టైర్ల దుకాణం ముందు అతని నల్లని ఎస్‌యూవీ సగం రోడ్డును ఆక్రమించి నిలబడి ఉంది. కంపెనీ ఇచ్చిన టైర్లను మార్పిడికి ఇచ్చేసి, చక్రాల పైనుండే మడ్గార్డులు దాటి బయటికి పొడుచుకువచ్చే ఈ వెడల్పాటి టైర్లను పోయిన దీపావళికి అతడు ఇక్కడే వేయించుకున్నాడు.

"టూ సిక్స్‌టీఫైవ్ సైజు వద్దని ఆ దినమే చెప్పినా కదా సార్," అన్నాడు మేస్త్రీ దేవదానం. "స్టీరింగు పూర్తిగా తిప్పితే రాసుకుంటాది, బండి మాట వినదంటే నవ్వితిరి."

"లెక్చర్ వద్దు బాస్. ఒరిజినల్ సైజు, టూ ట్వంటీఫైవ్. పాత రిమ్స్ డిక్కీలో ఉన్నాయి. టైర్లే కావాలి."

దుకాణం యజమానురాలు భాగీరథమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. "ఏమప్పా అంత అవసరం?"

కౌశల్ గొంతు తగ్గించాడు. "చిన్న ఇష్యూ ఆంటీ. జనవరిలో కుందలహళ్ళి దగ్గర ఎవరో టిఫిన్ బండి ఆవిడ యాక్సిడెంటులో పోయింది. రోడ్డు మీద టైరు గుర్తు పోలీసులు కొలిచారట. బండి కొన్నప్పటి నుంచీ కంపెనీ టైర్లే, ఒక్కటి కూడా మార్చలేదని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. రేపు ఇన్‌స్పెక్షన్. అంతే."

"ఆమె పేరు సరోజమ్మ," అన్నాడు దేవదానం.

"అయ్యుండొచ్చు."

దేవదానం చూపు గోడ మేకుకు వేలాడుతున్న దారం ముక్క మీద నిలిచింది. సరోజమ్మ కూతురు సుమ ఆ టైరు గుర్తు వెడల్పుకు సరిగ్గా పూలదారం తెంపుకొని, నెల రోజులుగా ఊళ్లోని టైర్ల దుకాణాలన్నీ తిరుగుతోంది. ఒక ముక్కను ఇక్కడా ఇచ్చి వెళ్లింది. దాని కొసన ముడివేసిన చీటీలో పోలీసు స్టేషను నంబరు ఉంది.

"నేను పోయి చెప్తా," అన్నాడు దేవదానం. "ఈ చేతులతో వేసిన టైర్లు అవి."

"చెప్పు బాస్. రుజువుకు కాగితం ఏది?" కౌశల్ భాగీరథమ్మ వైపు తిరిగాడు. "అన్నట్టు ఆంటీ, వారంటీ కార్డులో మీ దగ్గరున్న సగం కూడా ఇచ్చేయండి."

భాగీరథమ్మ సొరుగు తెరిచి, వెతికి, కార్డు తీసి ఇచ్చింది. అతడు దానిని ముక్కలుగా చింపి జేబులో వేసుకున్నాడు.

"అమ్మా! అదొక్కటే కదా మనకాడ ఉండేది!"

"జాకీ ఎత్తు, దేవదానం."

ఆమె తానే లేచి టైర్ల దొంతరల దగ్గరికి వెళ్లింది. ఒక్కొక్క టైరునూ కళ్లద్దాలకు దగ్గరగా తీసుకొని చూసింది. రెండింటిని పక్కకు నెట్టి, వేరే నాలుగింటిని ఎంచింది.

"ఇంత సెలక్షన్ దేనికి?" అన్నాడు కౌశల్.

"నాలుగు చక్రాలూ లాగే బండి నాయనా. నాలుగూ ఒకే తీరువి ఉండాల. ఒకటి తేడా వచ్చినా లోపల గేర్లు అరిగిపోతాయి."

కౌశల్ వంగి, నాలుగింటి మీదా సైజు అంకెలను వేలితో తడిమి చదువుకున్నాడు. తృప్తి పడ్డాడు. అంతలోనే ముఖం చిట్లించాడు. "కానీ కొత్తగా మెరుస్తున్నాయి కదా!"

"దానికీ దారి ఉండాది. దేవదానం, పైన రబ్బరు ముళ్లు గీకేసి, రోడ్డుకు తగిలే ముఖం మీద అరగదీసే మిషను పట్టు. పక్కల్ని మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ మట్టి పూస్తే చాలు."

దేవదానం చేతిలోని పానాను కింద పడేశాడు. "నేను చెయ్యనమ్మా. రేపు ఆ పిల్ల మళ్లీ వస్తాది. ఏ మొగం పెట్టుకొని చూసేది?"

"ఉండే మొగంతోనే చూద్దువులే. పని కానీ."

ఇరవై ఏళ్లుగా ఆమె మాటకు ఎదురు చెప్పని మనిషి. పానా తీసుకున్నాడు. రెండు గంటలపాటు తల ఎత్తలేదు. నాలుగో చక్రం బిగించాక భాగీరథమ్మ బండి చుట్టూ తిరిగి వచ్చి, వెనక చక్రం దగ్గర ఆగింది.

"దీన్ని తిరగేసి వేసినావు. విప్పు."

"ఏ వైపుంటే ఏమమ్మా? గాలి నిలిచింది కదా."

"విప్పి తిప్పు. నాలుగూ ఈ వైపే బయటికి రావాల."

కౌశల్ పకపకా నవ్వాడు. "ఆంటీ పర్‌ఫెక్షనిస్ట్!" వెడల్పాటి టైర్లను రిమ్ములతో సహా వెనక ఎక్కించుకున్నాడు. "వీటిని ఆనేకల్ దగ్గర ఇటుకల బట్టీలో పడేస్తాను. రేపు ఎవరైనా వచ్చి మిమ్మల్ని అడిగితే?"

"నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు నాయనా. టైర్లనే చూసుకోమంటాను."

"అది చాలు ఆంటీ."

బండి మలుపు తిరిగి కనుమరుగైంది. దేవదానం మేకు దగ్గరికి నడిచాడు. "ఈ దారం ఇంకెందుకమ్మా? కార్డు పాయె, టైర్లు పాయె. పారేస్తా."

"ఇట్ల తే దాన్ని."

చీటీలోని నంబరు చూసి, ఆమె మట్టి చేతులతోనే ఫోను చేసింది.

"సార్, సరోజమ్మ కేసు విషయం. రేపు మీ తనిఖీకి నల్ల బండి వస్తాది. సైజు కొలిచి వదిలేయొద్దండి, పక్కన మట్టి తుడిచి చూడండి. ప్రతి టైరుకూ ఒక పక్కన మాత్రమే అది తయారైన వారమూ సంవత్సరమూ నాలుగంకెల్లో పోతపోసి ఉంటాయి. జనవరిలో ఆమెను చంపినప్పుడు ఆ బండికి ఉన్నాయని ఆయన సంతకం పెట్టిన టైర్లు, నాలుగుకు నాలుగూ ఆ తర్వాత ఏప్రిల్‌లో తయారైనవి."