ఏడు తరాల పేర్లు

అప్పటికి ప్రతి కోయగూడెంలోనూ ఒక మాటలపెట్టె ఉండేది. పెద్దలు చెప్పిన చరిత్రను అది దాచుకునేది. కోర్టులో భూమికి అదే పట్టా. పెట్టె ఉందన్న ధీమాతో చిన్నవాళ్లెవరూ ఆ చరిత్ర నేర్చుకోలేదు.

కొండను తవ్వుకోవాలని గనివాళ్లు పట్టపగలే వచ్చి పెట్టెను గునపాలతో పగలగొట్టారు. అడ్డుపడిన గూడెం పెద్ద సోడె ఉంగమ్మ పక్కటెముకలు విరగ్గొట్టి, గుడిసెకు నిప్పుపెట్టారు.

మనవరాలు జోగి ఆమెను వాగు దాకా ఈడ్చుకెళ్లింది.

"మాట్లాడకే అవ్వా! నోట్లోంచి రగతం పోతాంది."

"పోనీయే పిల్లా. విను. పోడు సాగుకని మన కొండను మొదట తగలబెట్టినోడు..."

జోగి ఏడుస్తూ ఆ నెత్తుటి నోటికి చెవి ఆనించింది. పొద్దుగూకేలోపు ఉంగమ్మ ఏడు తరాల పేర్లు చెప్పి కన్నుమూసింది.

మూడో నెలలో భూమి విచారణలో కోర్టువాళ్లు, "మీ గూడేనికి పెద్ద ఎవరు?" అని అడిగారు.

పదహారేళ్ల జోగి లేచి నిలబడింది.