నైరుతి మూల

"తలుపు తియ్యి వదినా. వచ్చేస్తోంది."

గొంతు డెల్మర్‌ది. తొమ్మిదేళ్ళుగా ఆ గొంతు ఆ గడపలో వినపడలేదు. ఆర్డిత్ వినపడనివ్వలేదు.

ఆమె కిటికీలోంచి చూసింది. మొక్కజొన్న మోళ్ళ మీద ఆకాశం ఆకుపచ్చగా దిగివుంది. మధ్యాహ్నం నుంచీ రేడియోలో అదే గోల. ఇల్లినాయ్‌లో సుడిగాలులు. కెంటకీలో ఊరికి ఊరే లేచిపోయింది. ఒహాయోలో శవాల లెక్క ఇంకా తేలలేదు. ఇప్పుడు ఇండియానా వంతు.

ఆర్డిత్ తలుపు తీసింది. సుడిగాలి వస్తుంటే గుమ్మంలోకొచ్చిన వాణ్ణి పొమ్మనడం ఆ పల్లెల్లో లేదు. పైగా ఈ రోజు కోసమే ఆమె కాచుకుని కూర్చుంది.

"రా డెల్మర్. నీకు చోటు ఎప్పుడో సిద్ధం చేశాను."

డెల్మర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆమె వెనకే నేలమాళిగ మెట్లు దిగాడు. అతనుండేది చక్రాల మీద నిలబెట్టిన రేకుల ఇల్లు. దానికి నేలమాళిగ లేదు.

కింద నైరుతి మూల మెత్త వేసిన కుర్చీ ఉంది. ఈశాన్యం మూల ఒక బకెట్టు బోర్లించి ఉంది. కుర్చీ తనకి. బకెట్టు మరిదికి. మొగుడు ఓరిన్ చనిపోయిన నెలలోనే ఆమె దాన్ని తెచ్చి అక్కడ పెట్టింది.

సుడిగాలి నైరుతి నుంచి వస్తుంది. ఇంటిని లేపి ఈశాన్యం వైపు విసిరేస్తుంది. కాబట్టి నైరుతి మూల నక్కినవాడు బతికిపోతాడు. ఆ జిల్లాలో ఏ బడిపిల్లనడిగినా ఈ ముక్క నిద్రలో లేపినా చెబుతుంది.

తొమ్మిదేళ్ళ కిందట, ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు, అన్నదమ్ములిద్దరూ ఇలాగే డెల్మర్ అప్పటి ఇంటి నేలమాళిగలోకి దిగారు. ఆర్డిత్ చెల్లెలి పురుడుకని మిషిగన్ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఓరిన్ పెట్టెలో ఉన్నాడు, మూత బిగించేశారు. డెల్మర్ ఒంటి మీద గీత కూడా లేదు. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. గీత కూడా పడనివాడు ఏ మూల కూర్చున్నాడో ఒకళ్ళు చెప్పాలా?

సమాధి దగ్గర అతను "వదినా, ఒక్క మాట చెప్పాలి" అంటూ వచ్చాడు. పదిమందిలో అతని మొహాన ఉమ్మేసింది. తర్వాత ఉత్తరాలు రాశాడు. విప్పకుండానే పొయ్యిలో వేసింది. క్రిస్మస్‌కి అతను పంపిన పంది తొడని తీసుకెళ్ళి పందుల తొట్టిలోనే పడేసింది, అదీ పాస్టర్ గారి భార్య చూస్తుండగా. అయినా కసి తీరలేదు.

"కూర్చో," అంది బకెట్టు చూపించి.

డెల్మర్ బకెట్టు వైపు చూశాడు. కుర్చీ వైపు చూశాడు. "నువ్వు అక్కడ కూర్చోకు వదినా. ఇటు రా."

ఆర్డిత్ నవ్వింది. "ఆ బుద్ధి ఇంకా పోలేదన్నమాట. అన్న చోటు అయింది, ఇప్పుడు వదిన చోటు కావాలా?"

"చోటు నాకొద్దు. ఇద్దరం ఇటే కూర్చుందాం."

"ఇద్దరం చావడం దేనికి? ఒకళ్ళు చాలు. నువ్వు ఆయనకి చూపించిన మూలే నేను నీకు చూపిస్తున్నాను. ఎలా ఉంటుందో కూర్చుని చూడు."

"ఆ రోజు అన్నయ్య..."

"ఆయన పేరెత్తావంటే మెట్లెక్కించి బయటికి తోసేస్తాను."

పైన ఇల్లు మూలిగింది. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. డెల్మర్ ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు.

"చూశావా, చూశావా నీ నైజం," అంటూ ఆమె కుర్చీ చెయ్యి ఒడిసి పట్టుకుంది. రెండో చేత్తో పక్క అరలోంచి బీన్స్ నిలవ పెట్టిన సీసా అందుకుని అతని నుదుటి మీద పగలగొట్టింది. డెల్మర్ వెనక్కి తూలి బకెట్టు పక్కన పడ్డాడు. లేవలేకపోయాడు.

ఆర్డిత్‌కి తొమ్మిదేళ్ళ తర్వాత కడుపు చల్లబడింది.

దీపం ఆరిపోయింది. పైన మేకులు ఒక్కొక్కటే ఊడుతున్న చప్పుడు. ఆ చప్పుడులోనే ఆమె గొంతు వినపడింది.

"ఇప్పుడు తెలుస్తోందా డెల్మర్?"

తర్వాత ఏ గొంతూ వినపడలేదు.

గంట తర్వాత ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు దూలాలు తొలగించుకుంటూ కిందికి దిగారు. ముందు దిగినవాడు మెర్ల్. ఈశాన్యం మూల డెల్మర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద గాయం తప్ప ఇంకేమీ లేదు. నైరుతి గోడ మొత్తం లోపలికి కూలి ఉంది. దాని మీద వంటింటి ఇనప పొయ్యి, పొగగొట్టం ఇటుకలు. కుర్చీ కనపడలేదు. ఇటుకల కిందనుంచి ఒక చెయ్యి మాత్రం కనపడింది.

మెర్ల్ ఆ చేతిని పట్టుకుని చూసి, మెల్లిగా వదిలేసి, టోపీ తీశాడు.

"ఆవిడ నైరుతి మూలే కూర్చుంది కదయ్యా," అన్నాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు. "మంచి మూల అది. మన నాన్నల కాలం నుంచీ అందరూ దాక్కునేది అక్కడేగా."

డెల్మర్ ఇటుకల వైపే చూస్తూ నుదుటి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

"మంచి మూల కదా అని, ఆ మట్టల ఆదివారం నాడు అన్నయ్యని కూడా నేనే బతిమాలి అక్కడ కూర్చోబెట్టాను."