మాస్టారి పరుగు పుస్తకం

“దొరికాడు! కుండీల దొంగ దొరికాడు!”

కాలనీ సెక్రటరీగారు వేసిన కేకకి వీధిలో గేట్లన్నీ కిర్రుమంటూ తెరుచుకున్నాయి. ఆయన కుడిచేతి గుప్పిట్లో కొత్త లెక్కల మాస్టారి కాలరు ఉంది, ఎడమచేతిలో మాస్టారి జేబు పుస్తకం ఉంది. పాపం, మాస్టారు ఈ ఊరికి బదిలీ మీద వచ్చి సరిగ్గా వారం.

“నేను దొంగని కాదండీ బాబూ! ఆదివారం ఇరవై కిలోమీటర్లు పరిగెత్తాలి. కొత్త చోటు కదా, ఏ వీధి ఎలాంటిదో చూసి రాసుకుంటున్నాను, అంతే!”

“ఇరవై కిలోమీటర్లా? నిన్నెవరు తరుముతున్నారయ్యా?” అన్నాడు గుంపులోంచి ప్లంబరు. అందరూ గొల్లుమన్నారు.

మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. సోమవారం పొద్దున ఈ కాలనీ పిల్లలకే పాఠం మొదలుపెట్టాలి. దొంగ అన్న పేరు పడిందంటే బీజగణితం సంగతి అటుంచండి, ఆ స్కూలు గేటు దాటడానికే మొహం చెల్లదు.

తొమ్మిదో నంబరు ఇంటి నర్సమ్మ డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చింది. “వారంలో నావి మూడు గులాబీ కుండీలు పోయాయి అన్నయ్యగారూ! ఇతన్ని వదలకండి!”

“వదులుతానా అమ్మా? దొంగని పట్టకపోతే సెక్రటరీగిరీ వదిలేస్తానని మీటింగులో మాటిచ్చినవాణ్ణి! ఇతని చేతిరాతే ఇతన్ని పట్టిస్తుంది, వినండి.”

సెక్రటరీగారు కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు అందుకున్నారు.

“‘మొదటి మలుపు: లైటు వెలగదు.’ చూశారా, చీకటెక్కడుందో చూసుకున్నాడు!”

“గుంతలో కాలు పడకుండా అండీ...”

“‘నాలుగో నంబరు: కుక్కని కట్టేస్తారు. ఆరో నంబరు: కట్టెయ్యరు. అటు పోవద్దు.’”

“మా కుక్క ఎవర్నీ ఏమీ అనదు!” అని ఆరో నంబరు ఇంటాయన కస్సుమన్నాడు.

“‘వాచ్‌మన్ ఐదింటికి గాఢనిద్ర.’”

“అన్యాయం సార్! ఊరికే కళ్లు మూసుకుంటానంతే!” అన్నాడు వాచ్‌మన్.

“నీళ్ల సీసా ఆయన దగ్గర పెడదామనుకున్నానండీ, లేపడానికి మనసు రాలేదు,” అన్నాడు మాస్టారు.

“‘ఏడో నంబరు: తాళం. మనుషులు లేరు. నిశ్చింతగా కూర్చోవచ్చు.’ ఇంకేం కావాలి? పోలీసులకి ఫోన్ కొట్టండి!”

“మెట్ల మీదండీ! పదిహేను కిలోమీటర్లు దాటాక కాళ్లు పట్టేస్తాయి...”

మాస్టారి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ప్లంబరు అప్పటికే ఫోన్ తీశాడు. సెక్రటరీగారు మంచి ఊపు మీదున్నారు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పారు.

“‘పన్నెండో నంబరు...’”

అక్కడ ఆగిపోయారు. పుస్తకం టప్పున మూసేశారు. కాలరు వదిలేశారు. వదిలి ఊరుకున్నారా, నలిగిన చోట చేత్తో సాపు కూడా చేశారు.

“చూడగా చూడగా బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు. పరుగు ఆరోగ్యానికి మంచిదేగా! వదిలేద్దాం. ఆ ఫోన్ లోపల పెట్టవయ్యా.”

“అదేంటి అన్నయ్యగారూ, ఇప్పుడేగా పోలీసులన్నారు!” నర్సమ్మ తెల్లబోయింది.

“పెద్దమనసు చేసుకోవాలమ్మా. కుండీలదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు.”

మాస్టారికి తల తిరిగిపోయింది. రాసిన ముక్కల్లో ఇంతలా మెచ్చుకోవాల్సింది ఏముందో భయంలో ఆయనకే గుర్తు రాలేదు. బతుకుజీవుడా అని పుస్తకం కోసం చెయ్యి చాపాడు. ఆ చేతికి అందకముందే ఇంకో చెయ్యి అడ్డొచ్చింది. అది సెక్రటరీగారి భార్యది.

“పన్నెండంటే మన ఇల్లే కదండీ! మన గురించి ఏం రాశాడో వినొద్దూ?”

“ఏముంటుందే, చెత్త! నువ్వు లోపలికి పద.”

“అందరిళ్ల గురించీ గొంతు చించుకుని చదివారు, మన దగ్గరికొచ్చేసరికి చెత్తయిపోయిందా? ఇలా ఇవ్వండి!”

ఆవిడ పుస్తకం లాక్కుంది. సెక్రటరీగారు “ఏమేవ్, ఏమేవ్” అంటూ వెంటపడ్డారు గానీ, నర్సమ్మ ఇద్దరికీ మధ్య నిలబడింది. సెక్రటరీగారి భార్య పేజీ పట్టుకుని, ముందు తనలో తాను కూడా చదువుకోకుండా, వీధి చివరిదాకా వినబడేలా గర్వంగా మొదలుపెట్టింది.

“‘పన్నెండో నంబరు: ఈ ఇంటి పెద్దాయన రోజూ చీకటితోనే లేచి, మంకీ క్యాప్ పెట్టుకుని, పూలకుండీ చంకనెత్తుకుని మేడ మెట్లెక్కుతుంటారు. గుడ్ మార్నింగ్ అంటే పాపం ఉలిక్కిపడ్డారు. కష్టజీవి. దారి తప్పితే ఈయన్నే అడగాలి.’”